కాదనే నోరు

నందిగామ,
1947 డిసెంబరు

కోటేశూ,

కుశలప్రశ్నలు రాసే తీరిక నాకు లేదు, చదివే తీరిక నీకు ఉండకూడదు. మొన్న రోడ్డు ఇంజనీరుగారి గుమాస్తా వచ్చి మన వసారాలో కూర్చుని, గ్లాసుడు మజ్జిగ తాగి, "అమ్మగారూ, మీ కంకర బళ్ళు ఈ మధ్య కనపట్టం లేదేమండీ" అని దీర్ఘం తీసి వెళ్ళాడు. మీ బావగారు పోయాక ఈ కంట్రాక్టు నా చేతికి వస్తే, ఆడది కంకరేం తోలుతుందిలే అని నవ్విన మొహాలన్నీ ఈ ఊళ్ళోనే తిరుగుతున్నాయి. వాళ్ళు మళ్ళీ నవ్వితే ముందు నీ పని పడతా.

నీ జీవరత్నం మేస్త్రీనా, కలెక్టరా? ఆదివారం ప్రార్థన అంటాడు, పని లేదంటాడు. రాతిలో మందు కూరిన తూటా ఒకటి పేలకపోతే ఆ పూటకి క్వారీలోకి ఎవరూ దిగరంటాడు. అదేమంటే కుదరదండి అంటాడు. నువ్వేమో వాడి పక్కన నిలబడి తల ఊపుతావు.

గరికపాడు సరిహద్దు నాకా దగ్గర నైజాం జనం రోజూ వచ్చి పడుతున్నారట గదా. రజాకార్లకి భయపడి గొడ్డూ గోదా వదిలేసి వస్తున్నారట. ఇప్పుడు అది వేరే రాజ్యం, వాళ్ళు పరదేశం వాళ్ళు. ఇక్కడ వాళ్ళకి ఊరు లేదు, కరణం లేడు, చుట్టం లేడు. వాళ్ళ తరపున అడిగేవాడే లేడు. వాళ్ళని పనిలో పెట్టు. రెండు పూటలా గంజి పొయ్యి. జీవరత్నం వీళ్ళకి మందు కూరడం నేర్పాక వాణ్ణి పంపించెయ్యి.

ఇంకో మాట. కాదు, కుదరదు, రేపు, ఇవి అనే నోటికి నా క్వారీలో గంజి లేదని అందర్నీ నిలబెట్టి చెప్పు. నీక్కూడా కలిపే చెపుతున్నా. అమ్మ పోయిననాటి నుంచి నిన్ను పెంచినదాన్ని, నాకా మాత్రం అధికారం ఉంది. ఈ కంట్రాక్టు నెగ్గించావా, క్వారీలో సగం నీ పేర రాయిస్తా. దేవుడి ముందు దీపం పెట్టి అంటున్నా.

మీ అక్క
సత్యనారాయణమ్మ


జగ్గయ్యపేట,
1948 జనవరి

అక్కయ్యకి,

నమస్కారాలు. నువ్వు చెప్పినట్టే గరికపాడు వెళ్ళా. నాకా ఇవతల చింతచెట్ల కింద గుడిసెలూ గోనెపట్టాలూ. నేను బండి దిగగానే అంత దూరం నుంచే చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నారు. తలగుడ్డలు తీసి నడుముకి చుట్టుకున్నారు. సిగ్గేసింది నాకు, నిజం చెప్పొద్దూ, కాస్త బాగా కూడా అనిపించింది. ఈ ఊళ్ళో నన్ను చూసి ఎవడు చెప్పులు విడిచాడు గనక!

వాళ్ళకో పెద్ద ఉన్నాడు, లచ్చయ్య అని, కోదాడ అవతలి పల్లె వాడు. రాళ్ళ పని వచ్చునా అంటే "వస్తది దొరా" అన్నాడు. మందు కూరడం వచ్చునా అంటే "వస్తది దొరా" అన్నాడు. తీరా క్వారీకి తీసుకొచ్చి చూస్తే వాడు పుట్టి బుద్ధెరిగాక తూటా కంటితో చూడలేదు. వాళ్ళ దొర దగ్గర వెట్టికి నాగలి దున్నినవాడు. మరి వచ్చునని ఎందుకన్నావురా అంటే చేతులు కట్టుకుని నేల చూపులు చూశాడు. రాదు అనే మాట వాడికి రాదు, అంతే.

జీవరత్నం చేత నేర్పించా. రాతికి బెజ్జం వెయ్యడం, మందు కూరడం, వత్తి అంటించి పరుగెత్తడం. చెయ్యి తిరిగింది వాళ్ళకి. తర్వాత జీవరత్నాన్ని రావొద్దన్నా. క్వారీ వైపు తిరిగి తుపుక్కున ఉమ్మేసి కీసర వైపు పనికి పోయాడు.

కాదనే నోటికి గంజి లేదన్న నీ మాట అందర్నీ నిలబెట్టి చెప్పా. "అట్లనే దొరా" అన్నారు ఒక్క గొంతుతో, ఆడవాళ్ళతో సహా. నాకెందుకో వాళ్ళకి ఆ మాట కొత్తగా అనిపించినట్టు లేదు.

నీ తమ్ముడు
రామకోటేశ్వరరావు


నందిగామ,
1948 ఫిబ్రవరి

కోటేశూ,

కంకర గుట్ట చూశా. రోడ్డు పక్కన మన కుప్ప ఎత్తు చూసి ఆ గుమాస్తా దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఇన్నాళ్ళూ ఈ బుద్ధి ఏమైంది నీకు? నీకు అక్షరాలు నేర్పినదాన్ని నేను, కూలీలని ఎక్కణ్ణుంచి తేవాలో కూడా నేనే నేర్పాల్సి వచ్చింది.

ఆదివారాలు లేవు కదా వాళ్ళకి? అమావాస్యకి కూడా ఆపకు. జ్వరమని ఎవరైనా పడుకుంటే గంజి ఆపి చూడు, జ్వరం అదే దిగుతుంది. గోనెపట్టాలు అడుగుతున్నారట, ఇవ్వకు. చలికి పడుకోలేనివాడు పొద్దున్నే పనికి లేస్తాడు.

సగం సంగతి నేను మర్చిపోలేదు. నువ్వూ మర్చిపోకు.

అక్క


జగ్గయ్యపేట,
1948 మార్చి

అక్కయ్యకి,

మనసు బాగాలేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

గురువారం తూటాలన్నీ వరసన అంటించారు. చప్పుళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, లెక్క తెలియలేదు. ఎండగా ఉంది, నేను గొడుగు కిందే నిలబడి "అన్నీ పేలాయా లచ్చయ్యా?" అని కేకేసా. "పేలినయ్ దొరా" అన్నాడు. అయితే మనుషుల్ని దింపు అన్నా. ముందు దిగినవాడు వాడి సొంత తమ్ముడు ఈదయ్య. వాడు గునపం వేశాడో లేదో, పేలకుండా నిలిచిన తూటా కాస్తా పేలింది. అక్కయ్యా, నేను చూసింది నీకు రాయలేను. వాడి పెళ్ళాం ఎల్లమ్మ అప్పుడే గంజి కుండ నెత్తిన పెట్టుకుని వస్తోంది.

సాయంత్రం లచ్చయ్యని పిలిచి అడిగా. ఒకటి పేలలేదని నీకు తెలుసునా అన్నా. "ఎరికే దొరా" అన్నాడు. తెలిసి సొంత తమ్ముణ్ణి దింపావా, మరి పేలాయని ఎందుకు చెప్పావురా అని చొక్కా పట్టుకున్నా. వాడు వణుకుతూ ఏమన్నాడో వాడి మాటల్లోనే రాస్తా. "దొర పేలినయా అని అడిగె. లేదంటే దొర మాట కొట్టేసినట్టు గాదా? మా ఊర్ల దొర అడిగినంక లేదన్నోడు మల్ల ఊర్ల కనబడడు. మీరు గూడ గంజి లేదంటిరి."

రెండు రోజులు ఆలోచించి, మూడోనాడు ఇంకో రకంగా అడిగా. తూటాలయ్యాక "ఎటు పోకూడదు లచ్చయ్యా, చూపించు" అన్నా. వెంటనే వెళ్ళి కర్రతో నేల మీద గీత గీశాడు. ఆ పక్కన ఒకటి పేలలేదు, నిజమే! పోకూడదని నేనే అన్నా గనక చూపించడంలో వాడికి నన్ను కాదన్నట్టు అవలేదు. అప్పటినుంచి నేను పేలాయా అని అడగటం మానేసా. ఎటు పోకూడదో గీయమంటా, ఆ గీత దాటి మర్నాటిదాకా ఎవర్నీ పంపను. వీళ్ళతో పని చేయించాలంటే ఈ ఒక్కటీ తెలియాలి అక్కయ్యా. మనం ఏది వినాలనుకుంటామో అదే చెప్తారు. ప్రాణం పోయినా అదే చెప్తారు.

కాస్త ఆలస్యం అవుతుంది. ఎల్లమ్మకి ఏదైనా ఇవ్వాలి, ఏమిమ్మంటావో రాయి.

నీ తమ్ముడు
కోటేశ్వరరావు


నందిగామ,
1948 మార్చి

కోటేశూ,

నిన్ను బళ్ళెన్ని వచ్చాయో రాయమంటే బుర్రకథ రాసి పంపావు. ఎవడేం అన్నాడు, ఎందుకన్నాడు, ఎవడు ఎట్లా వణికాడు, ఇవన్నీ నాకెందుకు? సగం చదివి పక్కన పడేసా. ఇంకెప్పుడూ నా ఉత్తరాల్లో కూలీల గొడవ నింపకు.

పోయినవాడు మన ఊరి వాడు కాదు, మన దేశం వాడు కూడా కాదు. అక్కడే ఉంటే రజాకార్ల చేతుల్లో పోయేవాడు, ఇక్కడ మన చేతుల్లో పోయాడు. వాడికి ఎల్లమ్మ ఉంటే నాకేమిటి, ఆ కుండలో గంజి మనదే కదా. రాళ్ళు మోయమను, తింటుంది.

ఆలస్యం అవుతుందని ఎంత తేలిగ్గా రాసావురా! గీతలు గీసుకుంటూ కూర్చుంటావా ముగ్గులు పెట్టే పేరంటాల్లాగా? జీవరత్నం కుదరదంటే పంపించేసా. నువ్వు గీత గీసి అదే మాట అంటున్నావు. నా ఇంట్లో కాదనే నోటికి గంజి లేదు, తమ్ముడి నోటికైనా సరే.

అక్క


జగ్గయ్యపేట,
1948 ఏప్రిల్

అక్కయ్యకి,

అలాగే అక్కయ్యా. ఇక కూలీల సంగతులు రాయను.

ఈ వారం బళ్ళు తగ్గినమాట నిజమే. వచ్చే వారం పెంచుతా.

కోటేశ్వరరావు


నందిగామ,
1948 మే

కోటేశూ,

వరప్రసాదరావు చదువు ముగించుకుని వచ్చాడు. పరీక్ష పోయిందనుకో, పోతే పోయింది, నా కొడుక్కి గుమాస్తాగిరీ చేసే ఖర్మ పట్టలేదు. క్వారీ వాడికి అప్పజెప్తున్నా. రెండు నెలల్నించీ కుప్ప పెరగటం లేదు, ఇంజనీరుగారి ముందు నేను తల ఎత్తలేకుండా ఉన్నా. నీ మెత్తదనం నాకు అచ్చిరాలేదు.

సగం మాట ఇక ఎత్తకు. కడుపున పుట్టినవాడు ఎదిగొచ్చాక తమ్ముడికి సగం ఎవరిస్తారురా? నీ మంచికే చెప్తున్నా, నలుగురిలో అడిగి నవ్వులపాలు కాకు. నువ్వు గరికపాడులో ఉండి నాకా దగ్గర మనుషుల్ని ఏరి పంపుతూ ఉండు. నెత్తి మీద నీడ ఉంటుంది, నీకు రెండు పూటలా తిండి నేను చూసుకుంటా.

వెళ్ళేముందు వాడికి పని మొత్తం చెప్పి వెళ్ళు. నీకు తెలిసిందేదీ దాచుకోకు. దాచావని తెలిసిందో, నీ మొహం చూడను.

అక్క


గరికపాడు,
1948 జూన్

అక్కయ్యకి,

వారం రోజులు ప్రసాదు వెంట ఉండి అన్నీ అప్పజెప్పి ఇక్కడికి వచ్చా. మందు ఎక్కడ ఆరబెట్టాలి, ఏ బండివాడు తాగి దోవలో పడుకుంటాడు, ఏ గుట్టలో రాయి తెల్లగా వస్తుంది, గుమాస్తా వస్తే ఏం పెట్టాలి, అన్నీ చెప్పా. వాడు అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పా.

కుర్రవాడు హుషారైనవాడు. మొదటి రోజే ఖాకీ నిక్కరూ టోపీ వేసుకుని దిగాడు. లచ్చయ్య వాళ్ళు చెప్పులు విడిచి నిలబడితే, "చూశావా మామయ్యా, మనిషిని చూడగానే తెలిసిపోతుంది వీళ్ళకి" అన్నాడు. వాళ్ళతో మాట్లాడే తీరు గురించి ఒక మాట ఎత్తబోతే, "కూలీలతో ఎట్లా మాట్లాడాలో నువ్వు నాకు చెప్పేదేంటి, నీ మెత్తదనం వల్లే గదా ఇదంతా" అన్నాడు, వాళ్ళందరి ముందూ. ఎల్లమ్మ నావైపు చూసి తల దించుకుంది. అంతేలే, వాడన్నది నీ మాటే. నవ్వేసి ఊరుకున్నా.

ఇక్కడ నాకో గుడిసె దొరికింది. వంట నేనే చేసుకుంటున్నా.

కోటేశ్వరరావు


నందిగామ,
1948 జూలై

కోటేశూ,

వచ్చి చూడు నా కొడుకు కుప్ప! నువ్వు మూడు నెలల్లో తోలింది వాడు నెలలో తోలాడు. గీతలూ లేవు, మర్నాటిదాకా ఆగటాలూ లేవు. "అయిందా?" అంటాడట, "అయింది దొరా" అంటారట, దిగుతారట. అంతే పని! ఇద్దరికి దెబ్బలు తగిలాయన్నాడు, కాలో చెయ్యో, తగిలితే ఏం, నువ్వు నాకాలో కూర్చుంది కొత్తవాళ్ళని పంపడానికే కదా. ఇంజనీరుగారు వాడి భుజం తట్టి, "మీ అబ్బాయికి మనుషుల్ని నడిపించడం చేతనవునండీ" అన్నాడు. నా కళ్ళు చెమ్మగిల్లాయి.

నువ్వు మొహం మాడ్చుకుని వెళ్ళావని వాడన్నాడు. అది విన్నప్పటినుంచి ఒక అనుమానం పురుగులా తొలుస్తోంది. నీకు తెలిసిందంతా వాడికి చెప్పావు కదా? చెప్పానని నా మీద ఒట్టు వేసి రాయి.

అక్క


గరికపాడు,
1948 జూలై

అక్కయ్యకి,

చెప్పానక్కయ్యా. నీ మీద ఒట్టు.

కోటేశ్వరరావు


నందిగామ,
1948 ఆగస్టు

ఒరే కోటేశూ,

కర్మలయ్యాయి. నువ్వు వచ్చి నిలబడ్డావు, ఏడ్చావు, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయావు. నేను కళ్ళు తెరిచి చూసే స్థితిలో లేను అప్పుడు. ఇప్పుడు తెరిచా.

నా బిడ్డని గోనెపట్టాలో చుట్టి బండి మీద తెచ్చారురా. మొహం చూడనివ్వలేదు నన్ను. చలికి గోనెపట్టాలు అడిగారు ఆ జనం, నేను ఇవ్వొద్దన్నా. అదే పట్టాలో నా కొడుకు వచ్చాడు. ఈ మాట ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నా, ఎందుకంటే నాకిక అనడానికి ఎవరూ మిగల్లేదు.

ఆ లచ్చయ్య పొట్టన పెట్టుకున్నాడు నా వాణ్ణి. తమ్ముడి పగ తీర్చుకున్నాడు. పోలీసులకి పట్టిస్తే కోర్టంటారు, సాక్ష్యం అంటారు, నీ క్వారీలో ఏం జరిగేదమ్మా అని నన్నే నిలదీస్తారు. వద్దు. వాడి దేశం వాడికి ఉందిగా, పెళ్ళాం పిల్లలతో, ఆ ఎల్లమ్మతో సహా నాకా దాటించు. అవతల వాళ్ళ దొర వాళ్ళ కోసం చూస్తూ ఉంటాడు. నేను పెట్టిన గంజి ఆయన కక్కిస్తాడు.

ఈ ఒక్క పని చెయ్యి. కాదనకు.

అక్క


గరికపాడు,
1948 సెప్టెంబరు

అక్కయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేసా. కాదనలేదు.

లచ్చయ్యని పిలిచి, "మీ ఊళ్ళో అంతా సద్దుమణిగిందట, పోతారా?" అన్నా. సద్దుమణగలేదని వాడికి నాకంటే బాగా తెలుసు, రోజూ అటునుంచి వచ్చేవాళ్ళని చూస్తూనే ఉన్నాడు. వాడి పెళ్ళాం నా కాళ్ళ దగ్గర కూలబడింది. వాడు దాని రెక్క పట్టుకుని లేపి, "అట్లనే దొరా" అన్నాడు. మూట కట్టుకున్నారు. ఎల్లమ్మ ఆ గంజి కుండ ఖాళీదే నెత్తిన పెట్టుకుంది. నాకా దాటి నా కంటికి ఆనినంత దూరం కూడా వాడు చెప్పులు చేత్తోనే పట్టుకుని నడిచాడు. నేను చూస్తున్నానని వాడికి తెలుసు. మర్నాడు అవతలి నుంచి వచ్చినవాళ్ళు ఏదో చెప్పబోయారు. నేను అడగలేదు.

పంపేముందు ప్రసాదు పోయిన రోజు సంగతి మాత్రం వాణ్ణి అడిగా. పగ అన్నావు నువ్వు, పగ కాదక్కయ్యా. ప్రసాదు "అన్నీ పేలినట్టే కదా?" అన్నాడట. "పేలినయ్ దొరా" అన్నాడు వీడు. దిగమంటే జనం జంకారట. ఈదయ్య పోయింది అందరూ చూసినవాళ్ళే కదా. ప్రసాదుకి కోపం వచ్చి, "పిరికి వెధవల్లారా, చూడండి" అని తానే ముందు దిగాడట. గీత గీయలేదేంరా అంటే, "చిన్న దొర గీత అడగలే" అన్నాడు. సొంత తమ్ముడు దిగినప్పుడు ఏమన్నాడో నీ కొడుకు దిగినప్పుడూ అదే అన్నాడు. వాడికి మనిషిని బట్టి మాట మారదు.

నువ్వు నన్ను అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ప్రసాదుకి అంతా చెప్పానని ఒట్టు వేశావు కదరా అంటావు. వేసా. నువ్వేం అడిగావో గుర్తు చేసుకో. "చెప్పావు కదా?" అన్నావు. "చెప్పా" అన్నా. లేదని రాస్తే ఏమయ్యేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ గుడిసె నీది, తింటున్న బియ్యం నీవి. నేనూ ముప్పై ఏళ్ళుగా నీ గంజి తాగుతున్నవాణ్ణే అక్కయ్యా. వాళ్ళకి నా చేత ఏం చెప్పించావో అదే నాకూ నేర్పావు. నీతో ఎప్పుడన్నా కాదన్నానా?

వీళ్ళని ఎట్లా అడగాలో ప్రసాదుకి చెప్పలేదు. నీకు రాసా. మార్చి నెలలో, పూసగుచ్చినట్టు. కూలీల గొడవ నింపకు, సగం చదివి పక్కన పడేసా అన్నావు. ఆ రెండో సగంలో ఉంది నీ కొడుకు ప్రాణం.

కోపం వస్తోంది నాకు. ఏడుపు కూడా వస్తోంది. వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని కీసర తిరనాళ్ళకి తీసుకెళ్ళినవాణ్ణి నేను.

కోటేశ్వరరావు


నందిగామ,
1948 అక్టోబరు

కోటేశూ,

నైజాం మనలో కలిసిపోయింది. మిలిటరీ లారీలు మన వీధి మీదుగానే పోయాయి, అందరూ వెళ్ళి హారతులు పట్టారు, నేను తలుపు వేసుకుని కూర్చున్నా. ఇక నాకా లేదు, అవతల లేదు, పరదేశం లేదు. లచ్చయ్య వాళ్ళు ఇంకొక్క నెల ఇక్కడ ఉంటే బతికేవాళ్ళేమో. బతికారో లేదో నువ్వూ అడగలేదు, నేనూ అడగను.

నీ మార్చి ఉత్తరం తీసి రెండో సగం చదివా. ఎన్నిసార్లు చదివానో చెప్పను.

లారీలు తిరిగి రోడ్డంతా గుంటలు పడ్డాయి. ఇంజనీరుగారు తానే ఇంటికొచ్చి, కంకర ఎంత తోలితే అంత తీసుకుంటానన్నాడు. వెనకటికైతే ఆ మాటకి గంతులేసేదాన్ని. క్వారీ సగం కాదు, మొత్తం నీ పేర రాయించేసా. కాగితాలు ప్లీడరు దగ్గర ఉన్నాయి. నాకింకెవరున్నారు గనక? వెళ్ళి మనుషుల్ని చేర్చుకుని పని మొదలుపెట్టు.

ఒక్కటే అడుగుతా. ప్రసాదు కూలీలందరి ముందూ నీ మాట ఆపి నిన్ను అంత మాట అన్నాడు, నువ్వు నవ్వి ఊరుకున్నావు. ఆ నవ్వు గురించే రోజంతా ఆలోచిస్తున్నా. ఎట్లా అడిగితే నిజం బయటికి వస్తుందో నువ్వే నాకు రాసావు. నేనట్లా అడగదలుచుకోలేదు. నేను ఇంకా కొన్నేళ్ళు బతకాలి, అన్నం తినాలి, నిద్ర పోవాలి. అందుకని నాకు తెలిసినట్టే అడుగుతున్నా.

వాడు చావాలని నువ్వు అనుకోలేదు కదా, నాన్నా?

ఒక్క ముక్క రాయి.

అక్క


జగ్గయ్యపేట,
1948 అక్టోబరు

అక్కయ్యకి,

అనుకోలేదక్కయ్యా.

జీవరత్నాన్ని మేస్త్రీగా రమ్మని కబురు పెట్టా, రానన్నాడు. కోదాడ వైపు నుంచి కొత్త మనుషులు దొరికారు. నన్ను చూడగానే చెప్పులు విడిచారు. బళ్ళు సోమవారం బయల్దేరతాయి.

నీ తమ్ముడు
రామకోటేశ్వరరావు